డెర్బీషైర్‌లో సరోజనక్క వెంట

డెర్బీషైర్ అనే పేరు నేను మొదటిసారి విన్నది మిర్యాలగూడలో, మా అక్క అత్తగారింట్లో. ఎనభైల మొదట్లో మా బావకు అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం దొరికిందని వాళ్ళ నాన్న వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. ఆ పేరుకు ఆయన నోరు తిరగలేదు. "దర్బీసేరు" అన్నాడు. ఆ తర్వాత ఇంటిల్లిపాదికీ అదే పేరు ఖాయమైపోయింది. "దర్బీసేరు నుంచి ఫోన్ వచ్చింది", "దర్బీసేరుల మంచు పడుతున్నదట" అనేవాళ్ళం.

నేను సూర్యాపేటలో సోషల్ టీచర్ని. ఏటా పిల్లలతో ఐరోపా పటం గీయిస్తాను. ఇంగ్లండ్‌లో కౌంటీలుంటాయి, అవి మన జిల్లాల వంటివి అని చెబుతాను. అంతకు మించి నాకూ తెలిసేది కాదు. తొంభైల నడుమ ఒక ఎండాకాలం సెలవుల్లో ఆ కౌంటీకి వెళ్ళి వచ్చాను. వింతలు చూడటానికి వెళ్ళలేదు. అక్క సరోజనకు క్యాన్సర్ అని, ఇక మందులు పనిచేయవని బావ ఫోన్ చేశారు. కోదాడలో తమ్ముడు నర్సింహ ఇంట్లో అందరం కూర్చున్నాం. అక్కను ఇంటికి తెచ్చుకోవాలని అనుకున్నాం.

"నువ్వే పోవాలె అక్కా," అన్నాడు నర్సింహ. "నేను పోతే నా కాళ్ళతోని గాడ వాళ్ళకు పరేషాన్. నీ మాటైతే వింటది. తోల్కరా. మనం ఇంతమందిమి ఉండంగ ఎవల చేతుల మీదనో పోవుడెందుకు?"

నర్సింహ కాళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి. మా నాన్న కూడా బడిపంతులే. నల్లగొండ జిల్లాకు పడమట, నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఒక ఊళ్ళో కొన్నేళ్ళు పనిచేశాడు. అప్పుడు తమ్ముడు పసివాడు. ఆ బోరు నీళ్ళే తాగి పెరిగాడు. మోకాళ్ళ దగ్గర కాళ్ళు వంగిపోయాయి. కోదాడ బస్టాండ్ దగ్గర ఫోన్ బూత్ పెట్టుకుని, కూర్చున్న చోటి నుంచి లేవకుండా బతుకుతున్నాడు.

మాంచెస్టర్: పగిలిన సీసా

ప్రయాణం ఎలా సాగిందో చెప్పి మిమ్మల్ని విసిగించను. మాంచెస్టర్‌లో దిగాక కస్టమ్స్ వాళ్ళు నా పెట్టె తెరిపించారు. అక్క కోసం పెట్టిన గోంగూర పచ్చడి సీసా దారిలో ఎక్కడో పగిలింది. చీరలన్నీ ఎర్ర నూనెలో నానాయి. ఆ మనిషి కర్రతో ఒక చీర కొంగు ఎత్తి చూసి, ఇదేమిటని అడిగాడు. ఆకు అన్నాను. ఏం ఆకు అన్నాడు. గోంగూరకు ఇంగ్లీషు పేరు ఆ క్షణాన నాకు తట్టలేదు. "మా అక్కకు బాగాలేదు, ఆమె అడిగింది," అన్నాను. అతను గాజు పెంకులు ఏరి ఒక కాగితంలో చుట్టి పారేసి, మిగిలిన పచ్చడిని తన దగ్గరున్న ప్లాస్టిక్ సంచిలోకి తానే ఎత్తి ముడి వేసి ఇచ్చాడు. చేతులు తుడుచుకుంటూ రెండుసార్లు తుమ్మాడు.

బయట బావ నిలబడి ఉన్నారు. పెళ్ళినాడు మిర్యాలగూడ రైస్‌మిల్లు కళ్ళంలో గుర్రమెక్కి వచ్చిన మనిషి. జుట్టంతా తెల్లబడింది.

కారు కొండలెక్కింది. ఆ కౌంటీ ఇంగ్లండ్‌కు నడిబొడ్డున ఉంటుంది. మన నల్లగొండ జిల్లాలాగే దానికి సముద్రం తగలదు. ఉత్తరాన నల్లరాతి కొండలు. వాటి మీద చెట్టు ఉండదు, బురద నేల, పొట్టి పొదలు, గాలి. నడుమ అంతా సున్నపురాయి. ఆ రాతిని కోసుకుంటూ సన్నటి లోయలు, వాటి అడుగున అద్దంలాంటి వాగులు. దక్షిణానికి పోయేకొద్దీ నేల చదునై పొలాలు వస్తాయి. పైనుంచి కిందికి డెర్వెంట్ అనే నది దిగుతుంది. మన మూసీ కన్నా చిన్నది, కానీ ఎండదు. కొండల మీద సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు మైళ్ళ పొడవునా పాకుతుంటాయి. గోడల నడుమ గొర్రెలు. కాపరి మాత్రం ఎక్కడా కనబడడు. గొర్రెల వీపు మీద రంగు పూసి వదిలేస్తారు. మా దగ్గర మందతో పాటు మనిషి, కుక్క, గొంగడి కూడా నడుస్తాయి. ఒక మలుపులో తెల్లటి దుమ్ము కప్పిన లారీల వరుస ఎదురైంది. మా జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలున్న మఠంపల్లి వైపు వెళ్ళినవాళ్ళకు ఆ దుమ్ము తెలుసు. అంత దూరం పోయాక నాకు తెలిసినదేదైనా కనిపించిందంటే అదే.

"విమలా," అన్నారు బావ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నువ్వన్న అడుగు. నేను అడిగి అడిగి అలసిపోయిన. సూర్యాపేట పోదాం, నేను గూడ సెలవు పెడ్త అంటున్న."

"ఏమంటది బావా?"

"ఏమనది. కిటికీల నుంచి సూస్కుంట కూసుంటది."

కోల్డ్‌వెల్: అక్క ఊరు

మ్యాట్లాక్ అనే పట్టణానికి దగ్గర్లో కోల్డ్‌వెల్ అనే ఊళ్ళో అక్కా వాళ్ళిల్లు. పేరుకు అర్థం చల్లని బావి. నిజంగానే ఊరి నడుమ ఒక ఊటబావి ఉంది. ఇళ్ళన్నీ రాతివి, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు కొండవాలున ఉంటాయి.

అక్క తలుపు దగ్గరికి నడిచి వచ్చింది. మనిషి సగమైంది. నేను ఏడుస్తానేమోనని ముందే మాటందుకుంది.

"గోంగూర పగిలిందట గద. బావ ఫోన్‌ల చెప్పిండు. ఇగ ఏడువకు, ఏం మిగిలిందో తియ్యి ముందు."

ఆ ప్రాంతం వాళ్ళు ఓట్స్ పిండితో మెత్తటి అట్టు పోసుకుంటారు. దాన్ని ఓట్‌కేక్ అంటారు. అక్క దాని మీద గోంగూర రాసుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు జరిపింది. చాలా బాగుందని చెప్పింది. మిగతా అట్టును బావ చెత్తబుట్టలో వేయలేక, వంటగదిలో నిలబడి తానే తినడం చూశాను.

గోడ మీద ఒక ఫొటో. ఎర్ర రబ్బరు బూట్లు వేసుకుని నీళ్ళ గుంటలో నిలబడి నవ్వుతున్న పిల్లవాడు. అక్క కొడుకు చిన్ను. అక్కడే పుట్టాడు. నాలుగేళ్ళకు మెదడువాపు జ్వరం వచ్చి అక్కడే పోయాడు. సూర్యాపేటకు టెలిగ్రామ్ వచ్చింది. అప్పట్లో మాలో ఒక్కరికీ పాస్‌పోర్టు లేదు. ఎవరమూ వెళ్ళలేదు, వాణ్ణి ఎవరమూ చూడలేదు. ఆ తర్వాత అక్కకు పిల్లలు కలగలేదు. ఆ ఫొటో కాపీ ఒకటి మా ఇంట్లోనూ ఉంది. కానీ ఆ బూట్లు ఎర్రవని నాకు తెలియదు. మాకొచ్చిన ఫొటోలో రంగుల్లేవు.

పక్కింటి డోరతి సాయంత్రం కేక్ పట్టుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి. భర్త రాళ్ళ క్వారీలో పనిచేసి పోయాడు. నన్ను చూడగానే "రా బాతూ, కూర్చో" అన్నది. ఇంగ్లీషులో డక్ అంటే బాతే కదా, నేను తెల్లబోయాను.

అక్క నవ్వింది. "గీ జిల్లల అందరు గట్లనే అంటరే. మనం బిడ్డా అన్నట్టు. నన్ను సుత గదే అంటది."

ఎండాకాలంలో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు పోదు. వాళ్ళేమో ఆరింటికే భోంచేస్తారు. ఆ వెలుతురులో అక్క, డోరతి, నేను ఇంటి ముందు రాతి అరుగు మీద కూర్చున్నాం. అక్క ఉన్నట్టుండి అన్నది.

"ఇన్నేండ్లాయె వచ్చి. లైబ్రరీల కొలువుకు పోవుడు, ఇంటికి వచ్చుడు. ఈ జిల్లానే సక్కగ సూడలే. చిన్ను పోయినంక సూడబుద్ధి కాలే. నువ్వొచ్చినవు గద. డోరతి కారు తీస్తదట. జర తిరుగుదాం."

అడగాల్సిన మాట నా నోట్లో ఉంది. ఆమె ముఖం చూసి మింగేశాను.

మ్యాట్లాక్: మూడు అంచెల పాలన

మ్యాట్లాక్‌లో ఏటవాలు కొండ మీద పెద్ద కోటలాంటి భవనం ఉంది. కౌంటీ పాలన అంతా అక్కడి నుంచే. ఒకప్పుడు అది నీళ్ళ వైద్యశాల. చల్లని ఊటనీళ్ళతో రోగాలు పోతాయని దేశం నలుమూలల నుంచి డబ్బున్న జబ్బు మనుషులు వచ్చి ఉండేవాళ్ళట. తర్వాత ప్రభుత్వం ఆఫీసులు పెట్టుకుంది.

డోరతి ఆ సంగతి చెప్తుంటే అక్క భవనాన్ని పైనుంచి కిందికి చూసింది. "నేను జర ఆలస్యంగ వచ్చిన," అన్నది. డోరతికి ఇంగ్లీషులో మళ్ళీ చెప్పింది. డోరతి కారును ఒక టీ దుకాణం ముందు ఆపింది.

టీ తాగడానికి కూర్చున్నాం. మూడు టీలు, మూడు బన్నులకు అయిన ఖర్చుతో సూర్యాపేటలో ఇంటిల్లిపాదీ హోటల్లో భోంచేయొచ్చు. నేను టీచర్ని కదా, పాలన ఎలా సాగుతుందో అడిగాను. డోరతి ఓపిగ్గా చెప్పింది. పైన కౌంటీ కౌన్సిల్ ఉంటుంది. రోడ్లు, బళ్ళు, లైబ్రరీలు దానివి. అక్క జీతం ఇచ్చేదీ అదే. దాని కింద జిల్లా కౌన్సిళ్ళు. చెత్త ఎత్తడం, పేదవాళ్ళకు ఇళ్ళు వాటి పని. అన్నిటికన్నా కింద ఊరి కౌన్సిల్, పారిష్ కౌన్సిల్ అంటారు. డెర్బీ నగరాన్ని కౌంటీ నుంచి విడదీసి దాని పాలన దానికే ఇవ్వబోతున్నారని కూడా చెప్పింది. జనానికి ఏ పనికి ఎక్కడికి పోవాలో తెలియక తికమక పడుతున్నారట. నాకు నవ్వొచ్చింది. మా దగ్గర తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో చివ్వెంల వైపు రైతులు కాగితాలు పట్టుకుని పాత ఆఫీసు మెట్ల మీదే కూర్చునేవాళ్ళు.

డోరతి కోల్డ్‌వెల్ పారిష్ కౌన్సిల్‌లో సభ్యురాలు. మన వార్డు మెంబర్ వంటిది. జీతం లేదు. నెలకోసారి చర్చి వెనక హాల్లో కూర్చుంటారు. "మా చేతుల్లో ఏమీ లేదు బాతూ," అన్నది. "బెంచీలు, కాలిబాటలు, శ్మశానంలో గడ్డి. అంతే."

అక్క టీ కప్పు కింద పెట్టింది. "అంతేనా," అన్నది తెలుగులో, నాతో. "చిన్ను పోయిన్నాడు పొద్దుగాల ఈమెనే అందరి ఇండ్లకు తిరిగింది. మనోళ్ళల్ల చిన్న పిల్లల్ని కాల్చరు, మట్టిల పెడ్తరని వాళ్ళకు తెల్వది. ఈ ఊళ్ళె పుట్టినోళ్ళకు ఊరి మట్టి ఇయ్యం అంటే ఎట్ల అని కొట్లాడింది. చెట్టు కింద జాగ ఇప్పించింది."

డోరతికి మాట అర్థం కాలేదు. చిన్ను పేరు మాత్రం విన్నది. అక్క చేతి మీద చెయ్యి వేసింది.

క్యాసిల్టన్: ఊదారంగు రాయి

ఉత్తరాన క్యాసిల్టన్ అనే చిన్న ఊరు. అక్కడికి దిగే దారి రెండు సున్నపురాతి గోడల మధ్య పోతుంది. కొండ నిలువునా చీలిపోయి కారుకు తోవ ఇచ్చినట్టుంటుంది. ఆ చీలికలో గొర్రెల గుంపు రోడ్డుకడ్డంగా పడుకుని ఉంది. డోరతి హారన్ కొట్టింది. ఒక గొర్రె లేచి వచ్చి నా కిటికీలో తల పెట్టి, ఒడిలో ఉన్న సకినాల పొట్లం వాసన చూసి, ఒక సకినం నోట కరుచుకుని పోయింది. ఆ ప్రయాణం మొత్తంలో అక్క అలసిపోయేలా నవ్వింది అప్పుడే.

ఆ కొండల కింద గుహలున్నాయి. అక్క మెట్లు దిగలేదు. డోరతి ఆమెతో కూర్చుంది, నేను ఒక్కదాన్నే దిగాను. లోపల చల్లగా, తడిగా ఉంది. దీపం ఎత్తి చూపిస్తే రాతిలో ఊదా, పసుపు చారలు నదిలా పోతున్నాయి. లోకంలో పేరున్న రాయి అది. బ్లూ జాన్ అంటారు. దాంతో ఉంగరాలు, చెవికమ్మలు చేస్తారు.

పైన దుకాణంలో ఒకామె నాకు ఆ రాయి గురించి చెబుతూ, ఇది ఫ్లోరైట్ జాతి రాయి అన్నది. నేను రెండోసారి అడిగాను. అదే మాట చెప్పింది. నా చేతిలోని రాయిని బల్ల మీద పెట్టేశాను. మా జిల్లా నీళ్ళలో ఉండి మా వాళ్ళ ఎముకలు వంచిందీ, ఇక్కడ అద్దాల పెట్టెలో మెరిసేదీ మూలకం ఒక్కటే.

బయటికొచ్చి అక్కకు చెప్పాను. చూపించమన్నది. ఆమె కూర్చున్న చోటికి దుకాణం ఆమె ఒక చిన్న ముక్క తెచ్చి ఇచ్చింది. అక్క దాన్ని ఎండకు పెట్టి చూసింది.

"గింత సక్కగ ఉంటదా ఇది," అన్నది. కాసేపటికి, "నర్సింహకు తీస్కపో."

"వద్దక్కా. వాడు బాధపడ్తడు."

"బాధెందుకు? ఆని కాళ్ళల్ల ఏమున్నదో ఆణ్ణి ఒక్కపారి కండ్లతోని సూడనియ్యి."

తెచ్చి ఇచ్చాను. నర్సింహ బూత్‌లో ట్యూబ్‌లైట్ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. "అక్క కొన్నదా?" అని మాత్రం అడిగాడు. ఇప్పటికీ ఫోన్ పక్కన ఉంటుంది. ఎవరైనా అడిగితే, ఇంగ్లండ్ రాయి అంటాడు.

ఈమ్: తలుపులు మూసుకున్న ఊరు

ఆ కౌంటీకి వెళ్ళినవాళ్ళందరూ ఈమ్ అనే ఊరు చూస్తారు. మూడు వందల ఏళ్ళ కిందట అక్కడికి ప్లేగు వచ్చింది. జనం పారిపోతే చుట్టుపక్కల ఊళ్ళకు అంటుకుంటుందని ఆ ఊరి మత గురువు చెప్పాడు. ఊరంతా మాట మీద నిలబడింది. పొలిమేరలో ఒక బండ దగ్గర గీత గీసుకున్నారు. బయటి ఊళ్ళవాళ్ళు తిండి తెచ్చి ఆ బండ మీద పెట్టిపోయేవాళ్ళు. లోపలివాళ్ళు బయటికి రాలేదు. ఇంటికి ఇంత మందని పోయారు. ఇప్పటికీ ఇళ్ళ ముందు పలకల మీద ఆ పేర్లు రాసి ఉంటాయి. గడప ముందు పూలకుండీలు, కిటికీలో పిల్లి, పక్కనే చనిపోయినవాళ్ళ పేర్లు.

మా దగ్గర గత్తర, అదే కలరా, వచ్చినప్పుడు ఊరికి ఊరే ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. ఈమ్ ప్రజలు కదలకుండా ఉండిపోయారు. ఎవరు మంచి పని చేశారో చెప్పేంత తెలివి నాకు లేదు.

ఊరి బయట పొలంలో చిన్న రాతిగోడ మధ్య కొన్ని సమాధులున్నాయి. ఒక తల్లి తన భర్తనూ పిల్లలనూ ఎనిమిది రోజుల్లోనే ఒకరి తర్వాత ఒకరిని, సాయానికి మనిషి లేక, తానే గుంత తవ్వి పూడ్చిందట. కారు అక్కడిదాకా పోదు. అక్క నడుస్తానన్నది. డోరతి ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని, ఆగుతూ ఆగుతూ తీసుకెళ్ళాం. గాలి విపరీతం. అక్క గోడ మీద చేతులు ఆనించి నిలబడింది.

"తర్వాత ఆమె ఏమైంది?" అని అడిగింది.

బతికింది, అన్నది డోరతి. మిగిలిన ఒక్క కొడుకు వేరే ఊళ్ళో ఉంటే అతని దగ్గరికి వెళ్ళిపోయిందట.

"పోయిందా," అన్నది అక్క. కారు దగ్గరికి తిరిగి వచ్చాక, సీటులో తల వాల్చి, "రేపు చిన్ను దగ్గరికి పోదాం విమలా," అన్నది.

చిన్ను దగ్గర

కోల్డ్‌వెల్ శ్మశానం ఊరికి పైన ఉంటుంది. చుట్టూ రాతి గోడ, లోపల గడ్డి కత్తిరించి ఉంది. చిన్ను చోటు ఒక మూల చెట్టు కింద. మోకాలెత్తు రాయి మీద ఇంగ్లీషులో వాడి అసలు పేరు శ్రీకాంత్, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. అక్క రాయి పక్కన గడ్డి మీదే కూర్చుంది. ఎండు పుల్లలు ఏరి పారేసింది. రాతి మీది నాచు గోటితో గీకింది. ఆ పని ఆమెకు ఎంత అలవాటో చూస్తే తెలిసింది.

బావ గేటు దగ్గరే ఆగిపోయారు. ఆయన లోపలికి రారని అక్క తర్వాత చెప్పింది. ఆయన డాక్టరు. చిన్ను పోయిన రాత్రి వేరే వార్డులో ఇతరుల పిల్లల్ని చూస్తున్నారు.

నేను అప్పుడు అడిగాను. అంత దూరం వచ్చిందే దానికోసం. "అక్కా, ఇంటికి పోదాం. నర్సింహ పంపిండు నన్ను. అందరం అనుకున్నం. నిన్ను మేం సూస్కుంటం."

"తెలుసే. నువ్వు దిగిన్నాడే తెల్సింది."

"మరి?"

"నన్ను మీరు సూస్కుంటరు. వీన్ని ఎవలు సూస్తరు?"

"బావ ఉన్నడు గద."

"గేటు కాడ నిలబడ్డడు సూడు. ఆయన ఇన్నేండ్లల్ల లోపటికి రాలే. రిటైరైతే మిర్యాలగూడ పోతడు. పోవాల్నె. గాడ తమ్ముండ్లున్నరు. పోయినంక గీడ మన పేరు తెల్సినోళ్ళు ఎవలుంటరు? డోరతి ముసలిదైంది."

నేను పిచ్చిదానిలా మాట్లాడాను. ఇక్కడి మట్టి కొంచెం తీసుకుపోదాం, కృష్ణలో కలుపుదాం, వాడు కూడా మనతో వచ్చినట్టవుతుంది అన్నాను.

అక్కకు కోపం రాలేదు. నా చెయ్యి తీసుకుని ఆ గడ్డి మీద పెట్టింది. "నాలుగేండ్లు ఈ ఊరి చలిల తిరిగిండు. నీళ్ళ గుంట కనబడితె దుంకెటోడు. కృష్ణ ఎట్లుంటదో ఆనికి తెల్వది. నాకు తెలుసు. నేనే గీడికి వస్త."

గడ్డి తడిగా ఉంది. నేను చెయ్యి తీయలేదు. ఏడ్చాను. అక్క నన్ను ఓదార్చలేదు, వద్దనలేదు. కొంతసేపటికి, "కాళ్ళు తిమ్మిరెక్కినయి, లేపు," అన్నది.

ఇద్దరం గేటు దగ్గరికి వచ్చేసరికి బావ నా ముఖం చూశారు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని, మెల్లగా, "ఒక్కపారి రారాదు," అన్నది. ఆయన వెళ్ళారు. మేము గేటు బయట నిలబడ్డాం. డాక్టరు పెద్దమనిషి చెట్టు కింద వంగి, తన కొడుకు రాతిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఆయన భుజాలు కదలడం అంత దూరం నుంచి కూడా కనిపించింది.

బావి పండుగ

నేను తిరిగి వచ్చే ముందు ఆ ఊళ్ళో బావి పండుగ వచ్చింది. ఇది ఆ కౌంటీలోనే పుట్టిన పండుగని చెబుతారు. పెద్ద చెక్క పలకలకు తడి బంకమట్టి మెత్తి, అందులో పూరేకులు, ఆకులు, గింజలు ఒక్కొక్కటే గుచ్చి బొమ్మ తయారుచేస్తారు. దాన్ని ఊటబావి దగ్గర నిలబెడతారు. నీళ్ళిచ్చినందుకు కృతజ్ఞత. వారం తిరిగేలోగా పూలు వాడిపోతాయి. అప్పుడు తీసేస్తారు.

ఊరి ఆడవాళ్ళంతా హాల్లో పలక చుట్టూ కూర్చున్నారు. అక్క కుర్చీలో కూర్చుని రేకులు గుచ్చింది. నాకూ ఒక మూల ఇచ్చారు. రేకును కింది నుంచి పైకి గుచ్చుకుంటూ రావాలట. అలా చేస్తే వాననీళ్ళు రేకుల మీది నుంచి జారిపోతాయి. నేను పై నుంచి మొదలుపెట్టి సగం వరస పాడుచేశాను. ఒకామె నవ్వుతూ పీకి మళ్ళీ గుచ్చింది.

"బతుకమ్మ పేర్చినట్టే లేదా?" అన్నాను.

"ఉన్నది. పాటొక్కటి లేదు," అన్నది అక్క.

ఆమె గునుగు, తంగేడు పూల గురించి అక్కడివాళ్ళకు చెప్పింది. పూలను గోపురంలా పేర్చి, ఆడవాళ్ళం చుట్టూ తిరిగి, చెరువులో వదులుతామని చెప్పింది. నీళ్ళలో వదిలేస్తారా, అన్నీ, అని ఒక ముసలామె అడిగింది. అన్నీ, అన్నది అక్క. అప్పుడు ఆ ముసలామె, మీరు పాడేది ఎలా ఉంటుందో చూపించమన్నది. అక్క నన్ను చూసింది. ఆమెకు ఊపిరి అందదు. నేను పాడాను. నా గొంతు మంచిది కాదు. చప్పట్లు కొడుతూ రెండు చరణాలు పాడేసరికి, అక్క కుర్చీలో కూర్చునే అరచేతులు కలిపి శబ్దం రాని చప్పట్లు కొట్టింది.

మర్నాడు మాంచెస్టర్‌కు బావ దిగబెట్టారు. అక్క తలుపు దగ్గర నిలబడలేదు. మంచం మీది నుంచే, "పోయిరా," అన్నది. మా దగ్గర పోయే మనిషికి ఆ మాట అనకపోతే మంచిది కాదంటారు. నేను ఆమె కాళ్ళు పట్టుకుని వచ్చేశాను.

తిరిగి వచ్చాక

అక్కను తేలేదని కోదాడలో ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. మిర్యాలగూడ నుంచి మాత్రం ఆమె అత్తగారు, "మన మట్టి వద్దన్నదా," అని కబురు చేసింది. నేను వెళ్ళి, ఆ తడి గడ్డి గురించి చెప్పాను. ముసలామె కొంగు నోట్లో పెట్టుకుని విన్నది. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

అక్కడ ఆకులు రాలే కాలంలో అక్క పోయింది. బావ నర్సింహ బూత్‌కే ఫోన్ చేశారు. నర్సింహ బూత్ మూసి, బస్సెక్కి, ఆ కాళ్ళతో మా బడి వరండా దాకా నడిచి వచ్చి నాతో చెప్పాడు.

అక్కడే దహనం చేసి, బూడిదను చిన్ను పక్కన పెట్టారు. రాతి మీద ఇద్దరి పేర్లూ తెలుగులో ఉండాలని బావ అడిగారు. ఆ శ్మశానంలో కొత్త అక్షరాలు చెక్కాలంటే పారిష్ కౌన్సిల్ ఒప్పుకోవాలట. చర్చి వెనక హాల్లో కూర్చున్నారు. అందులో ఏం రాసి ఉంటుందో మనకెలా తెలుస్తుందని ఒక సభ్యుడు అడిగాడట. "ఆమె పేరు ఉంటుంది," అన్నదట డోరతి. "ఇన్నేళ్ళు ఆ పేరుతోనే కదా మన లైబ్రరీలో పుస్తకాలు తీసుకున్నాం." అందరూ చేతులెత్తారు.

నేను డ్రాయింగ్ షీటు మీద పెద్ద అక్షరాలు రాసి పంపాను. రాయి చెక్కే మనిషికి ఒక అనుమానం వచ్చింది. స మీద, న మీద ఉన్న టిక్కు గుర్తులు అక్షరంలో భాగమా, లేక టీచరు బాగుందని పెట్టిన గుర్తులా అని బావతో అడిగించాడు. అది తలకట్టు, అది లేకపోతే అక్షరమే కాదని చెప్పాను. చక్కగా చెక్కాడు. ఫొటో చూశాను. సరోజన, కింద చిన్ను.

మీలో ఎవరైనా ఆ కౌంటీకి వెళ్తే గుహలు చూడండి, ఈమ్ చూడండి, ఓట్స్ అట్టు తినండి. వీలైతే కోల్డ్‌వెల్ కొండ మీది శ్మశానానికి వెళ్ళండి. గేటుకు తాళం ఉండదు. డోరతి వారం వారం ఆ అక్షరాల మీది నాచు తుడుస్తుంది, కానీ ఆమెకు తెలుగు చదవడం రాదు. బావ ఉద్యోగం ముగించుకుని మిర్యాలగూడ వచ్చేస్తున్నారు. మీరు వెళ్ళినప్పుడు ఆ రెండు పేర్లూ ఒక్కసారి గొంతెత్తి చదవండి.